పెరోల్ మీద వచ్చిన ఖైదీ, గవర్నర్‌పేట బంగారం: ఈ థ్రిల్లర్ ప్లాట్ నిలబడుతుందా?

కృష్ణలంక_కథకుడు:
అందరికీ నమస్కారం. ఒక క్రైమ్ థ్రిల్లర్ నవల రాస్తున్నాను. కథంతా బెజవాడ, గుంటూరు మధ్యే నడుస్తుంది. ఇక్కడ రకరకాల ఉద్యోగాలు, పనులు చేసినవాళ్లున్నారు కాబట్టి ప్లాట్ మొత్తం పెడుతున్నాను. ఎక్కడ అతకడం లేదో మొహమాటం లేకుండా చెప్పండి.

కథానాయకుడు జీవిత ఖైదీ. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. లోపలి వర్క్‌షాపులో ఇనుప బీరువాలు చేస్తూ వెల్డింగూ కటింగూ బాగా నేర్చుకున్నాడు. జైలుకెళ్లకముందు గుంటూరు మిర్చియార్డులో హమాలీ. ఇల్లు బెజవాడ సింగ్‌నగర్‌లో, ఇంట్లో తల్లీ చెల్లెలూ. తల్లి చనిపోతే పెరోల్ మీద బయటికొస్తాడు. ముగ్గురు పాత స్నేహితులతో కలిసి గవర్నర్‌పేటలో ఒక బంగారం తాకట్టు ఆఫీసు స్ట్రాంగ్‌రూమ్ కోసి 12 కిలోల నగలు తీసుకుపోతాడు. ఆ రాత్రి 2024 సెప్టెంబర్ 1. బుడమేరు వరదలో పోలీసులంతా సింగ్‌నగర్ వైపు ఉంటారు, ఊళ్లో చాలాచోట్ల కరెంటు లేదు, ఫోన్లు కలవవు. నగలు తెల్లారేలోపు కరిగించి, పడవ మీద కృష్ణ దాటి గుంటూరు వైపు వెళ్లిపోతాడు.

ముగింపు తేలలేదు. దొరకాలా, తప్పించుకోవాలా అన్నది మీరు చెప్పేదాన్ని బట్టి ఆలోచిస్తాను.

ఏలూరురోడ్_పాఠకుడు:
బాగుంది. మన ఊళ్లో జరిగే దొంగతనం కథ చదివి చాలా కాలమైంది. ఒకప్పుడు ఏలూరు రోడ్డులో అద్దె పుస్తకాల షాపుకెళ్తే డిటెక్టివ్ నవలలు కట్టలు కట్టలుగా ఉండేవి. కానీ వాటిలో డిటెక్టివే హీరో. ఖైదీ వైపు నుంచి చెప్పడం కష్టమైన పని, చెప్పాల్సిన పని కూడా. రాయండి, వెనకాల ఉన్నాం.

సెంట్రల్_జైలు_మాజీ:
బాబూ, నేను జైళ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. రాజమండ్రి జైలు పెట్టావు, సంతోషం. డచ్చివాళ్ల కోట అది, 1864 నుంచి జైలు. అక్కడ వర్క్‌షాపులో పని నేర్చుకుని బయట బతికినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ భాగం సరిగ్గానే ఉంది.

పెరోల్ సంగతే కుదరలేదు. తల్లి చనిపోతే ఖైదీని సాధారణంగా ఎస్కార్ట్ మీద పంపిస్తారు. పక్కన పోలీసులుంటారు, దహనం అయ్యాక వెనక్కి తెచ్చేస్తారు. చుట్టాలు చుట్టూ ఉండగా పోలీసు కళ్లముందు ఉన్నవాడు దొంగతనానికి ఎలా పోతాడు? రోజుల తరబడి ఒంటరిగా బయట తిరగాలంటే మామూలు పెరోల్ కావాలి. దానికి దరఖాస్తు, సొంతూరి స్టేషన్ నుంచి రిపోర్టు, జామీనుదారులు. ఇది వారంలో తేలే పని కాదు. వచ్చాక కూడా చెప్పిన ప్రకారం స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టాలి.

ఇంకోమాట. పెరోల్ మీద వచ్చినవాడు పేటలో దిగిన గంటకి అందరికీ తెలిసిపోతుంది. కిరాణా కొట్టువాడికి తెలుసు, బీట్ కానిస్టేబుల్‌కి తెలుసు, పాత గొడవలున్న అవతలి వాళ్లకి అందరికంటే ముందు తెలుసు. నీ కథలో తాళాలు, తలుపులు కావు అసలు అడ్డం. వీడు ఎక్కడున్నాడో ఊరంతా చూస్తూనే ఉంటుంది. దాన్ని రాస్తే టెన్షన్ దానంతటదే వస్తుంది.

సింగ్‌నగర్_అమ్మాయి:
నేను ఆ వరదలో ఉన్నాను కాబట్టి చెప్తున్నాను, కోపంగా అనిపిస్తే క్షమించండి.

ఆ ఆదివారం పొద్దున మేం లేచేసరికి వీధిలో మోకాళ్ల లోతు ఉంది. టిఫిన్ వేళకి ఇంట్లోకొచ్చింది. పైవాళ్ల మెట్లెక్కాం. నీళ్లు తీశాక కిందికొస్తే వంటింటి తలుపు తెరుచుకోలేదు. ఫ్రిజ్ తేలుకుంటూ వెళ్లి తలుపుకి అడ్డంగా వెల్లకిలా పడింది. మా అన్నయ్య కిటికీ ఊచలు వంచి లోపలికి దూరాల్సొచ్చింది. అప్పటిదాకా మేడమీదే ఉన్నాం. డ్రోన్లతో పొట్లాలు వేశారు, మా సందులోకి పడవ రావడానికి చాలా ఆలస్యమైంది. తాగే నీళ్లు లేవు. పక్కింట్లో బాలింత.

మీ ఖైదీ ఇల్లు సింగ్‌నగర్ అన్నారు. ఇంట్లో చెల్లెలుంది అన్నారు. ఆ రోజు చెల్లెల్ని మేడమీద వదిలేసి గవర్నర్‌పేటలో బంగారం కోసుకుంటూ కూర్చుంటే చదివేవాళ్లలో మా పేటవాళ్లెవరూ అతన్ని క్షమించరు. నేనైతే పుస్తకం అక్కడే మూసేస్తాను.

కృష్ణ దాటడం అసలే కుదరదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 70 గేట్లూ ఎత్తేశారు. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. ఆ ఏట్లో పడవ వేసేవాడెవడు?

కృష్ణలంక_కథకుడు:
అమ్మా, మీరు చెప్పింది చదివాక ఆ రాత్రిని కథలోంచి తీసేస్తున్నాను. మా కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది, మీకు ఆ అదృష్టం లేదు. ఆ కష్టాన్ని దొంగతనానికి తెరగా వాడటం నాకూ ఇష్టం లేదు.

కానీ వరదను పూర్తిగా వదలను. జైలుగారూ, వరదలో ఇల్లు దెబ్బతింటే బాగు చేయించుకోవడానికి పెరోల్ అడగొచ్చా?

సెంట్రల్_జైలు_మాజీ:
అడగొచ్చు. ఇల్లు కూలడం, వరద, అగ్నిప్రమాదం లాంటివి పెరోల్‌కు చెల్లే కారణాలే. వరద తర్వాత దరఖాస్తు పెడితే రిపోర్టులు తిరిగి మంజూరయ్యేసరికి జనవరో ఫిబ్రవరో అయిందని రాయి, ఎవరూ తప్పు పట్టరు. తల్లిని చంపనక్కర్లేదు, బతికి ఉండనీ. ఇంకోటి గుర్తుపెట్టుకో. ఫర్లో, అంటే మంచి నడవడికకు ఇచ్చే సెలవు, దాని మీద బయటున్న రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ మీద ఉన్న రోజులు కలవవు. అంటే పెరోల్ రెండు వారాలనుకుంటే, ఆ రోజులన్నీ వాడు మళ్లీ లోపల గడపాలి. ఆ లెక్క ప్రతి ఖైదీకీ నోటికి వచ్చు.

పాత_క్యాషియర్:
ఇక స్ట్రాంగ్‌రూమ్ సంగతి. నేను బ్యాంకులో క్యాష్ చూసినవాణ్ని, తాకట్టు నగలు కూడా మా చేతిమీదుగానే లోపలికెళ్లేవి. తాళాలు రెండు, ఇద్దరి దగ్గరుంటాయి, ఒక్కడు తెరవలేడు. మీవాడు కోసే పద్ధతి గురించి నేనేం చెప్పను, రాయొద్దని కూడా కోరుతున్నాను. ఒక పేరాలో లోపలికెళ్లిపోనీండి. పాఠకుడికి కావాల్సింది వెల్డింగ్ పాఠం కాదు.

లోపలికెళ్లాక ఏముంటుందో అది రాయండి. నగలు కుప్పగా ఉండవు. ప్రతి లోనుకీ ఒక ప్యాకెట్. దాని మీద లోను నంబరు, పేరు, మొత్తం బరువు, రాళ్లు తీసేసిన బరువు, సీలు. ఒక్కో ప్యాకెట్‌లో సగటున పాతిక గ్రాములనుకున్నా 12 కిలోలంటే 480 ప్యాకెట్లు. బీరువాల్లోంచి సంచుల్లోకి దులపడానికే ఎంత సేపు పడుతుందో ఊహించుకోండి.

ఆ ప్యాకెట్లతో ఇంకో చిక్కు. 2021 జనవరిలో హోసూరులో ఒక తాకట్టు ఆఫీసులో 25 కిలోలు దోచుకున్నారు. నగల సంచిలో జీపీఎస్ ఉంది. మర్నాడే హైదరాబాద్ దగ్గర దొరికిపోయారు. మీవాడు జైల్లో పేపర్ చదివేవాడైతే ఈ సంగతి తెలిసే ఉంటుంది. కాబట్టి దారిలో ఎక్కడో ఆగి 480 ప్యాకెట్లూ ఒక్కొక్కటీ చించాలి.

ఏలూరురోడ్_పాఠకుడు:
క్యాషియర్ గారూ, అప్పుడు వాడు పేర్లు చదువుతాడు కదా!

సింగ్‌నగర్_అమ్మాయి:
ఇది చదవగానే నాకు గుండె ఝల్లుమంది. వరద తర్వాత మా వీధిలో సగం మంది బంగారం పెట్టారు. మోటార్ బాగుచేయించాలి, పిల్లల పుస్తకాలు కొనాలి, ఆటో ఇంజన్‌లోకి నీళ్లెళ్లాయి. ప్రభుత్వం ఇచ్చింది ఇచ్చింది, మిగతాదానికి మెళ్లో ఉన్నదే దిక్కు. మా అమ్మ నల్లపూసలు కూడా వెళ్లాయి. మీ ఖైదీ దోచుకుంటున్నది తాకట్టు ఆఫీసు సొమ్ము కాదండీ, మా సొమ్ము.

కృష్ణలంక_కథకుడు:
నేను వెతుకుతున్న మలుపు ఇదే. వాడు పెరోల్ తెచ్చుకున్నది వరదలో పాడైన ఇంటి కోసం. ఎత్తుకొచ్చింది అదే వరదలో పాడైన ఇళ్లవాళ్ల నగలు. ప్యాకెట్లు చింపుతుంటే లాంతరు వెలుగులో తన వీధివాళ్ల పేర్లు ఒకటొకటే కనబడతాయి. చెల్లెలి పేరు కూడా. తను గొలుసు తాకట్టు పెట్టినట్టు అన్నకు చెప్పి ఉండదు.

పాత_క్యాషియర్:
నగలు పోతే కంపెనీ పరిహారం ఇవ్వాల్సిందే, బీమా ఉంటుంది. కానీ ఆ డబ్బు చేతికొచ్చేసరికి చెప్పులు అరుగుతాయి. ఇచ్చేది బంగారం విలువే, పెళ్లినాటి గొలుసును ఇవ్వలేరు. బ్యాంకు లాకర్ అయితే రిజర్వ్ బ్యాంకు రూలు వేరు, 2022 నుంచి దొంగతనం జరిగితే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు బాధ్యత. దాన్నీ దీన్నీ కథలో కలిపేయకండి.

వన్‌టౌన్_స్వర్ణకారుడు:
అన్నా, తెల్లారేలోపు కరిగించేస్తాడు అని రాశారు. 12 కిలోలు కరిగిస్తే లీటరు చెంబు కూడా నిండదు, అది నిజమే. అందుకే సినిమావాళ్లంతా కరిగించడం సులువనుకుంటారు. తాకట్టులోకి వచ్చే నగలు చూశారా? రాళ్ల నెక్లెస్‌లు, నల్లపూసలు, లక్క నింపిన గాజులు, పూసల దండలు. ముందు రాళ్లు విప్పాలి, నల్లపూసల దారం తెంపాలి. లక్క ఉన్నదాన్ని అలాగే మూసలో వేస్తే పొగ, ఆ వాసన సందు చివరిదాకా పోతుంది. వన్‌టౌన్‌లో అర్ధరాత్రి ఆ వాసన వస్తే ఎవరి కొట్లో ఏం కరుగుతోందో పక్కవాడికి అర్థమైపోతుంది. బంగారం కరగడానికి 1,064 డిగ్రీలు కావాలి, ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద అయ్యేది కాదు.

ఇప్పుడు కొత్త నగలకు హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే గుర్తింపు కోడ్ ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా షాపులో కొత్త నగ అమ్మకూడదు. పాత నగలకు ఉండదు. సింగ్‌నగర్ అమ్మాయి చెప్పినవన్నీ పాత నగలే అయ్యుంటాయి, వాటిని గుర్తుపట్టేది యజమాని కన్ను ఒక్కటే. అమ్మమ్మ చేయించిన గొలుసుకి కొక్కెం దగ్గర అతుకు ఎలా ఉందో ఇల్లాలికి చీకట్లో కూడా తెలుస్తుంది. కరిగించకుండా దాచారంటే ఆ గుర్తులన్నీ అలాగే ఉంటాయి. మీ కథకి అదే మంచిది.

మిర్చియార్డ్_మనిషి:
ఎక్కడ దాచాలో నేను చెప్తా. మీవాడు మా దగ్గర హమాలీ అన్నారు కదా, ఆ మాటని ఒక్క చోట కూడా వాడుకోలేదే!

ఫిబ్రవరి అంటే మాకు మంచి సీజన్. ఆ నెలల్లో యార్డులో కాలు పెట్టే చోటుండదు. కొత్తవాడు గేటు దాటగానే దగ్గు, తుమ్ములు, కళ్లల్లో నీళ్లు. నేరస్తుడు హమాలీ వేషం వేసుకుని యార్డులో కలిసిపోయాడని ఎవరైనా రాస్తే నవ్వొస్తుంది. ఘాటుకి అలవాటుపడని ముక్కు అరక్షణంలో పట్టిచ్చేస్తుంది. పుట్టి పెరిగింది మిర్చిలో కాబట్టి మీవాడికి ఆ బాధ లేదు.

నందిగామ వైపు కల్లంలో కాయ ఆరబోసి ఉంటుంది. ఆడకూలీలు తాలుకాయ ఏరేశాక టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి నింపి కాళ్లతో తొక్కుతారు, పురికొసతో కుడతారు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే. వాళ్ల స్నేహితుల్లో ఒకడు అక్కడి రైతనుకోండి. నగలు టిక్కీలోకెళ్తాయి. సరుకు యార్డుకి తెస్తే బస్తా కోసి కాయ చూస్తారు, అక్కడ పని చెడుతుంది. నేరుగా కోల్డ్ స్టోరేజీకి తోలితే తూకం, లాట్ నంబరు, సరుకు ఉంచినట్టు బాండు. లోపల పేర్చేస్తారు. మిర్చి ఏడాది ఉన్నా చెడదు, రంగు తగ్గదు.

ఇంకా వినండి. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించింది. రేటు ఎప్పుడు లేస్తుందా అని ఎంతోమంది సరుకు కోల్డ్ స్టోరేజీల్లోనే ఉంచుకున్నారు. మీవాడి పెరోల్ సరిగ్గా అప్పుడే. రేటు లేవనంత కాలం ఆ టిక్కీ జోలికి ఎవడూ పోడు.

కృష్ణలంక_కథకుడు:
అన్నా, మీకు దండం పెట్టాలి. ఒక్క అనుమానం. నాలుగు కిలోల చొప్పున మూడు టిక్కీల్లో పెట్టి, అంత బరువు కాయ తీసేస్తే తూకంలో తేడా రాదు కదా?

మిర్చియార్డ్_మనిషి:
కాటాలో రాదు. వీపు మీద వస్తుంది.

కాయ తేలిక, టిక్కీ అంతా ఒకే సాటిగా ఉంటుంది. కొక్కెం వేసి లేపి వీపు మీద పడేసుకుంటే ఎలా కూర్చోవాలో అలా కూర్చుంటుంది. నాలుగు కిలోల బంగారం ఒక్క మూల కొద్దిపాటి చోట్లో కూర్చుంటే ఆ మూల కిందికి లాగుతుంది. ఇరవయ్యేళ్లు టిక్కీలు మోసిన మనిషి రెండడుగులు వేయకముందే ఆగి దింపేస్తాడు. రాయి పెట్టారేమో, తడికాయ కలిపారేమో అనుకుంటాడు ముందు. మీవాడికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. అందుకని నగలు ఒకచోట పెట్టడు, కాయ మధ్యలో పొరలు పొరలుగా చల్లుతాడు, తనే ఒకసారి వీపు మీద వేసుకుని చూస్తాడు. అప్పటికీ కోల్డ్ స్టోరేజీలో ఒక పాత హమాలీకి అనుమానం వస్తుంది. మోసేటప్పుడు గలగల వినబడుతుంది. వాడేం చేస్తాడన్నది మీ ఇష్టం.

ఏలూరురోడ్_పాఠకుడు:
ఆ పాత హమాలీ వీడితో కలిసి పనిచేసినవాడైతే? కుట్టు చూసి గుర్తుపడతాడు. టిక్కీ కుట్టే తీరు మనిషి మనిషికీ మారుతుందా అన్నా?

మిర్చియార్డ్_మనిషి:
మారుతుంది. ముడి వేసే పద్ధతిలో తెలుస్తుంది.

తెనాలి_లారీ:
దారి సంగతి నేను చెప్తాను. నందిగామ నుంచి మిర్చి బండి గుంటూరు రావాలంటే భవానీపురం, దుర్గగుడి ఫ్లైఓవర్, వారధి, మంగళగిరి, కాజా టోల్‌ప్లాజా. బ్యారేజీ మీదికి లోడు బండ్లను రానివ్వరు, అక్కడ నడిపించకండి. కాజా దగ్గర ఫాస్టాగ్, కెమెరాలు. బండి నంబరు, టైము పడతాయి. భయపడాల్సిందేం లేదు, ఆ సీజన్‌లో మిర్చి బండి మీద మిర్చి తప్ప ఏముంటుందని ఎవరూ అనుకోరు. ఒక సీను రాయండి. దొంగతనం జరిగిన వీధికి కిలోమీటరు దూరంలోంచే ఆ సరుకు పట్టపగలు మళ్లీ ఊళ్లోంచి వెళ్తుంది, పోలీసులు కార్లు ఆపి డిక్కీలు తెరిపిస్తుంటారు.

గుంటూరు_వకీలు:
ఆలస్యంగా చూశాను. చట్టం వైపు నుంచి కొన్ని మాటలు.

నేరం 2024 జూలై 1 తర్వాత కాబట్టి భారతీయ న్యాయ సంహిత కిందే కేసు. మీ కథలో మొత్తం నలుగురు. ఎవరినీ ముట్టుకోకుండా కన్నం వేసి తీసుకుపోతే అది దొంగతనం, రాత్రిపూట చొరబడటం. వాచ్‌మన్‌ను కట్టేస్తే 309వ సెక్షన్, దోపిడీ. అలా చేసినవాళ్లు ఐదుగురైతే 310, బందిపోటు కేసు, యావజ్జీవం దాకా వెళ్తుంది. అందుకే ఐదోవాణ్ని కలుపుకుందామని ఒకడంటే మీ ఖైదీ ఒప్పుకోడు. జైల్లో ఉన్నవాడికి సెక్షన్లు మాలాంటివాళ్లకంటే బాగా తెలుస్తాయి.

పాత శిక్ష దేనికి పడిందో ఇంకా చెప్పలేదు మీరు. గతంలో దొంగతనం, దోపిడీ లాంటి ఆస్తి నేరంలో, మూడేళ్లు ఆ పైన శిక్షపడే సెక్షన్ కింద దోషిగా తేలి, మళ్లీ అలాంటిదే చేస్తే 13వ సెక్షన్ కింద శిక్ష బాగా పెరుగుతుంది. హత్య కేసైతే అది వర్తించదు. హత్య కేసే పెట్టండి. మీవాడికి దొంగగా రికార్డు లేదు. అప్పుడు సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) పోలీసులు పాత కన్నపు దొంగల జాబితా తీసి, ఒక్కొక్కణ్ని పిలిచి అడుగుతున్నప్పుడు ఇతని పేరు అందులో ఉండదు.

వేలిముద్ర మాత్రం ఒక్కటి కూడా వదలకూడదు. 2022లో వచ్చిన నేరస్తుల గుర్తింపు చట్టం ప్రకారం తీసుకున్న కొలతలు, ముద్రలు 75 ఏళ్లు దాచి ఉంచుతారు. ఖైదీకి అది చావుదాకా వెంటవచ్చే సంతకం.

చివరిగా ఒకటి, దీని మీదే మీ క్లైమాక్స్ ఆధారపడుతుంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్నాడు అన్నది కోర్టులో చెల్లదు. కానీ అతను చెప్పిన చోట సొత్తు దొరికితే, ఆ దొరికినంత మేరకు చెప్పిన మాట సాక్ష్యంగా నిలుస్తుంది. కాబట్టి ఆ టిక్కీ ఎవరు చూపించారన్నదే కేసు. ఖైదీ చూపిస్తే కేసు గట్టిది. పాత హమాలీ చూపిస్తే ఖైదీకీ దానికీ లంకె వేయడానికి పోలీసులు చాలా కష్టపడాలి.

ఏలూరురోడ్_పాఠకుడు:
అయితే పారిపోవడం ఎందుకు? పెరోల్ అయిపోయిన రోజున వాడు టైముకి వెళ్లి రాజమండ్రి జైలు గేటు దగ్గర నిలబడితే? ఊరంతా పరారైనవాడి కోసం వెతుకుతుంటే వీడు జైల్లో బీరువాలు చేసుకుంటూ ఉంటాడు. కోల్డ్ స్టోరేజీలో బంగారం, జైల్లో మనిషి.

సెంట్రల్_జైలు_మాజీ:
ఇది నాకు నచ్చింది. పెరోల్ మీద వెళ్లి తిరిగి రానివాడి మీదే మా వేటంతా. టైముకి వచ్చినవాడికి మంచి పేరు, రేపు సత్ప్రవర్తన కింద విడుదల జాబితాలో అది పనికొస్తుంది. ప్రతిసారీ స్టేషన్‌లో సంతకం ఉంది, ఇంటి గోడకు ప్లాస్టరింగ్ అయింది, మేస్త్రీ సాక్ష్యం ఉంది. వాణ్ని అనుమానించడానికి ఎవరికీ కారణం ఉండదు. అలాగని అసలు అడగరని కాదు. ఆ తేదీల్లో బయటున్న ఖైదీల జాబితా ఎవరో ఒక తెలివైన ఎస్ఐ అడుగుతాడు. అడిగినా, ములాఖత్ గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడి, ఏమీ దొరక్క వెళ్తాడు. ఆ సీను బాగా రాయి.

పాత_క్యాషియర్:
కేరళలో చేలెంబ్రలో 2007 డిసెంబర్‌లో బ్యాంకు కింది హోటల్‌ను అద్దెకు తీసుకుని, పైకప్పుకి కన్నం వేసి 80 కిలోల బంగారం పట్టుకుపోయారు. లక్షల ఫోన్ కాల్స్ జల్లెడ పట్టి పట్టుకున్నారు. 2016 ఆగస్టులో సేలం-చెన్నై రైలు పైకప్పు కోసి 5.78 కోట్లు తీశారు. మూడు నెలలకు పెద్దనోట్ల రద్దు వచ్చింది, 2018లో ముఠా దొరికింది. లోపలికెళ్లడం రెండుచోట్లా కుదిరింది. బయటికొచ్చాక మిగిలిన రోజులే వాళ్లని పట్టిచ్చాయి. ఈ ఖైదీ ఆ రోజుల్ని జైల్లో గడిపేస్తాడు. ఇంతవరకు నేను చదివిన కథల్లో ఇది లేదు.

సింగ్‌నగర్_అమ్మాయి:
మంచిదే. మరి మా నగలు? ప్యాకెట్ల మీద పేర్లు చదివాక కూడా టిక్కీలో కుట్టేసి వెళ్లిపోతాడా? అలాగైతే ఆ సీను ఎందుకు?

కృష్ణలంక_కథకుడు:
అందుకే చెల్లెలి పాత్రను పెంచుతున్నాను. పేర్లు చదివిన రాత్రి అతను వెనక్కి తగ్గలేడు, మిగతా ముగ్గురూ ఎదురుగా ఉన్నారు. కానీ ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకుంటాడు. అదే కాగితం జైల్లో అతని దగ్గరుంటుంది. పరిహారం కోసం తాకట్టు ఆఫీసు చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్ల గురించి చెల్లెలు ప్రతి ములాఖత్‌లో చెబుతుంది, అన్న చేశాడని తెలియకుండానే. తనకి ఎప్పుడు తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తుంది అన్నది రెండో సగం. నగలు వెనక్కి చేరాలి, అది ఖాయం చేసుకున్నాను. అతను దొరుకుతాడా లేదా అన్నది వకీలుగారు చెప్పిన మాట మీద ఉంది, టిక్కీ ఎవరు చూపిస్తారు అని.

సింగ్‌నగర్_అమ్మాయి:
చెల్లెలు చూపించాలి. వీధిలో వాళ్లందరి మొహాలూ రోజూ చూసేది తనే.

గుంటూరు_వకీలు:
చెల్లెలికి ఎలా తెలిసిందని కోర్టు అడుగుతుంది. ములాఖత్‌లో అన్న చెప్పాడంటే అది పోలీసుల దగ్గర చెప్పిన ఒప్పుకోలు కాదు, బయటివాళ్లకు చెప్పింది. అది సాక్ష్యంగా పనికొస్తుంది. చెల్లెలు బోనెక్కి అన్నకు వ్యతిరేకంగా చెబుతుందా? మీ నవల మొత్తానికీ బరువైన సీను అదే అవుతుంది, దానికి చోటు వదిలి రాయండి.

కృష్ణలంక_కథకుడు:
వదులుతాను. ఇంకొక్కటే మిగిలింది. మిర్చి రేటు లేచిందంటే రైతు స్నేహితుడు సరుకు అమ్మేస్తాడు, టిక్కీలు కదులుతాయి. లోపలున్నవాడికి ఆ భయం ఎలా తెలుస్తూ ఉంటుంది?

సెంట్రల్_జైలు_మాజీ:
జైలు లైబ్రరీకి పేపర్లొస్తాయి. రాజమండ్రికి వచ్చేది అక్కడి జిల్లా పేజీ, గుంటూరు వార్తలు పెద్దగా ఉండవు. కానీ మార్కెట్ ధరల కాలమ్‌లో గుంటూరు మిర్చి రేటు ఉంటుంది. మిగతా ఖైదీలు సినిమా పేజీ చూస్తే వీడు రోజూ ముందు తేజ రకం మిర్చి రేటు చూస్తాడు. పక్క బ్యారక్‌వాడు ఒకరోజు అది గమనిస్తాడు.

పాత_క్యాషియర్:
రైతు అమ్మేస్తాడనే కాదు, బాండు బ్యాంకులో పెట్టి లోను తీసుకోవచ్చు కూడా. రేటు లేనప్పుడు అందరూ చేసే పనే. అప్పుడు బ్యాంకు ఆఫీసరు స్టాకు చూడ్డానికి వస్తాడు, లోను కట్టేదాకా టిక్కీ ఒక్కటి కూడా బయటికి రాదు. వీడు విడుదలై వచ్చినా ఆ బంగారాన్ని తాకలేడు. తాకట్టు సొమ్ము మళ్లీ తాకట్టులోనే ఇరుక్కుంటుంది.

కృష్ణలంక_కథకుడు:
ఇది తప్పకుండా వాడుకుంటాను. మొదటి మూడు అధ్యాయాలు తిరగరాసి ఇక్కడే పెడతాను. మిర్చియార్డ్ అన్నా, రాసేముందు ఒకసారి యార్డూ కోల్డ్ స్టోరేజీ చూడాలి, టిక్కీ లేపి చూడాలి. రావచ్చా?

మిర్చియార్డ్_మనిషి:
తప్పకుండా రండి. శని, ఆదివారాలు సెలవు, సోమవారం సరుకు బాగా దిగుతుంది, పొద్దున్నే వచ్చేయండి. ముక్కుకి తువ్వాలు కట్టుకోండి, చేతులు కళ్లకి తగలనివ్వకండి. టిక్కీ మీ ఒక్కరి వల్ల లేవదు, మా కుర్రాళ్లు ఇద్దరు సాయం పడతారు.